తొలి అరువది అడుగులు

కూతునకు కారుండుట యీ దినములలో వింత గాదు. కాని మా అమ్మాయి కొన్నది 460 అశ్వబలముగల ఫోర్డు మస్టాంగు. అందును గేర్లు చేతితో మార్చునట్టిది. 2023వ సంవత్సరమున మేము దంపతులము కాలిఫోర్నియాకు బయలుదేరునపుడే, దాని నమ్మించి తిరిగి రావలెనని తీర్మానించుకొంటిమి. కారణము లేకపోలేదు. అంతకుముందొక రాత్రి, కూడలి దీపములవద్ద ప్రక్కకారువాడు కవ్వింపగా నీమె వీథిలోనే పందెమునకు దిగి, పోలీసులకు చిక్కి జరిమానా చెల్లించినది. ఆ వార్త వినిన తల్లి కెట్లుండునో సోదరీమణులకు వేరుగ జెప్పనక్కరలేదు.

“ఒక్కమారు చూచి, పిమ్మట అమ్ముమనుడు” అని యామె మమ్ము బేకర్స్‌ఫీల్డు చెంతనున్న ఫామోసోకు తీసికొనిపోయినది. బాదము తోటల నడుమ, యుద్ధకాలమున విమానములు దిగిన తావున నున్న పందెపు బాట యది. దూరము 1,320 అడుగులు, అనగా మైలులో నాల్గవవంతు. వీథి పందెములను మాన్పించి కుర్రవాండ్ర నిట్టి బాటలకు మరల్చవలెననియే 1951లో వాలీ పార్క్సు మొదలగువారు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషనును స్థాపించిరట. స్త్రీలును వెనుకబడలేదు. షిర్లీ మల్డౌనీ యనునామె 1977, 1980, 1982 సంవత్సరములలో అత్యంత వేగముగల టాప్ ఫ్యూయల్ తరగతిలో విజేతయైనది. ఇది విని మావారు “ఇక మనమాట చెల్లినట్లే” అనిరి.

మొదట బాటపై నీరు చల్లిన చోటున్నది. నున్నని పందెపు టైర్లవారు అందులో చక్రములు గిరగిర ద్రిప్పి రబ్బరును వేడిచేసికొందురు. మా అమ్మాయి మాత్రము దానిని చుట్టి పోయినది. గాడులుగల మామూలు టైర్లు ఆ తడిని గీతవరకు మోసికొనిపోవునట. వాకిట కళ్లాపి త్రొక్కి నట్టింటికి వచ్చినవారిని కోపించు మాకు ఈ సంగతి వెంటనే బోధపడినది.

దీపము పచ్చబడగానే ఆమె క్లచ్చిపై కాలు ఒక్కుమ్మడి తీసివేసినది. వెనుక చక్రములు పొగలు గ్రక్కుచు నున్నచోటనే తిరిగినవి. చేతికిచ్చిన చీటీలో తొలి 60 అడుగులకు 2.6 సెకండ్లు, మొత్తము 13.8. రెండవమారు భయపడి ఇంజను వేగము తగ్గించినది. బండి దగ్గుచు, ఆగినంత పనిచేసినది. కన్నులలో నీరు తిరిగినవి. అంతవరకు పందెము చెడవలెనని లోలోన కోరుకొన్న మాకు, ఆ ముఖము చూడగనే మనసు మారినది.

క్లచ్చి సంగతి మాకు క్రొత్తగాదు. ఇంద్రకీలాద్రి ఘాటురోడ్డుమీద అంబాసిడరును వెనుకకు జారనీయక నిలిపిన యెడమకాలు మాది! అది తిరుగలివంటిది: తిరుగుచున్న రాయిని కదలని రాతిపై మెల్లగ దింపినచో రెండును గలిసి తిరుగును, దబ్బున వైచిన నదరిపడును. “అమ్మాయీ, కాలు తీసివేయకుము. వదలీ వదలనట్లు వదలుము. తొందరయేల?” అంటిమి. నిజమునకు తొందర లేనేలేదు. కాలమును లెక్కించు గడియారము దీపము వెలిగినపుడు గాక, బండి కదలినపుడే మొదలగును.

మూడవమారు ఇంజనును 3,000 చుట్లవద్ద నిలిపినది. పచ్చదీపము. క్లచ్చి పట్టు తగులువరకు కాలు జార్చి, అచట రెప్పపాటు నిలిపి, ఆ వెనుకనే కుడికాలితో పెట్రోలు హెచ్చించినది. బండి ముందు భాగము లేచి, బరువు వెనుక చక్రములపై బడి, అవి నేలను గట్టిగ గరచుకొన్నవి. పొగ లేదు. మేము గట్టిగ కేకవైచితిమి; ప్రక్కవారు తిరిగి చూచిరి. 60 అడుగులు 2.1 సెకండ్లు, మొత్తము 12.9.

అమ్మకపు మాట మాలో నెవ్వరును ఎత్తలేదు. వీథిలో మరల పందెమాడనని ఆమె తానుగా జెప్పినది. తిరుగు ప్రయాణమున ఒక లారీ వెనుక నామె నిదానముగ నడుపుచుండ, మా కిరువురకును కునుకు పట్టినది.