స్టడ్ చోట బోల్టు

ట్రాక్టర్ చక్రానికి స్టడ్ పోతే మళ్ళీ స్టడ్డే వేయాలి. సైజు దగ్గరగా ఉంది కదా అని దొరికిన బోల్టు వేస్తే చక్రం నిలవదు. ఈ సంగతి నాకు తెలిసొచ్చేసరికి మా పాత మాసీ ఫెర్గూసన్ 1035 ముందు చక్రం కాలువ గట్టు మీద ఒరిగిపోయింది. ఆ రోజు స్టీరింగు పట్టింది మా తమ్ముడి కొడుకు. బండి నెమ్మదిగా పోతోంది కాబట్టి పిల్లాడికి ఏమీ కాలేదు. తప్పు మాత్రం పూర్తిగా నాది.

దమ్ములు మొదలయ్యే వేళ టైరు పంచరైంది. చక్రం విప్పబోతే నట్లు తుప్పుతో పట్టేసి ఉన్నాయి. పానాకు పైపు తొడిగి తిప్పేసరికి రెండు స్టడ్లు తెగాయి, ఇంకోదాని మర పోయింది. మా ఊళ్ళో స్టడ్లు దొరకవు. పట్నం వెళ్ళి రావాలంటే ఒక పూట పని పోతుంది. కాలువకు నీళ్ళొదిలారు, చేను ఆగదన్న ఆత్రంలో హార్డ్‌వేర్ కొట్టు నుంచి 12 మి.మీ. బోల్టులు తెచ్చి, హబ్బు వెనక నుంచి దూర్చి నట్లు బిగించేశాను. ఎన్నో కార్ల చక్రాలు బోల్టుల మీదే నడుస్తున్నాయి కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

ఆ ధైర్యానికి ఆధారం లేదు. అలాంటి కార్లలో హబ్బులోనే మర ఉంటుంది, బోల్టు అందులోకి ఎక్కుతుంది. మా మాసీ హబ్బులో ఉన్నది ఉత్త రంధ్రం. స్టడ్ మెడ దగ్గర నిలువు గాట్లు ఉంటాయి, అక్కడ అది రంధ్రం కంటే పిసరంత లావు. వెనక నుంచి ప్రెస్సులో దింపితే ఆ గాట్లు ఇనుమును కరుచుకుంటాయి. ఇక స్టడ్ తిరగదు, ఊగదు.

పాత మాసీల మరలు అంగుళాల లెక్కవి. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా ఉమ్మడిగా ఒప్పుకున్న కొలతలు. మా బండి ముందు స్టడ్ అర అంగుళం, అంటే 12.7 మి.మీ. మర అంగుళానికి 20 చుట్లు. నా బోల్టు 12 మి.మీ. కంటికి ఆ తేడా ఆనదు. గాట్ల కోసం వేసిన రంధ్రం అర అంగుళం కంటే పెద్దది కాబట్టి బోల్టు అందులో వదులుగానే ఉండిపోయింది. పైగా అసలు నట్టు ఒకవైపు ఏటవాలుగా ఉంటుంది. అది చక్రం డిస్కు రంధ్రంలో కూర్చుని చక్రాన్ని సరిగ్గా మధ్యకు తెస్తుంది. నేను వేసినవి చదును నట్లు, కింద వాషర్లు.

బరువంతా స్టడ్ల మీదే ఆగుతుందని అనుకునేవాణ్ణి. అది కాదు. నట్టు బిగిస్తే స్టడ్ కంటికి తెలియనంత సాగుతుంది. సాగిన స్టడ్ మళ్ళీ ముడుచుకోబోయే బలమే డిస్కును హబ్బుకు అదుముతుంది. ఆ రెంటి మధ్య పట్టే చక్రాన్ని నిలబెడుతుంది. బోల్టు తల మీద 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడు దాకా తెగకుండా ఓర్చుకుంటుంది. 4.6 అయితే అందులో సగమే. నా బోల్టుల తల మీద ఏ అంకే లేదు. అవి సాగిపోయాయి, పట్టు సడలింది, చక్రం హబ్బు మీద జరగడం మొదలుపెట్టింది.

విప్పి చూస్తే డిస్కు రంధ్రాలు కోడిగుడ్డులా సాగి ఉన్నాయి. బోల్టుల మర ఒకవైపు అరిగి నున్నగా మెరుస్తోంది. భారం మీద పడి మంచి స్టడ్లు కూడా వంగాయి. నట్ల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి చారలు కట్టి ఉంది. మెకానిక్ ఆ చారల మీద వేలు పెట్టి, "ఇది ముందే చెప్పిందండీ, మీరు చూడలేదు" అన్నాడు. నిజమే. రోజూ బండి ఎక్కి దిగుతూ కూడా నేను చక్రం వైపు చూడలేదు.

తర్వాత హబ్బు విప్పి, బేరింగులు తీసి, ప్రెస్సు మీద అన్ని స్టడ్లూ కొత్తవి వేయించాను. డిస్కు మార్చాను. డిస్కు, హబ్బు కలిసేచోట తుప్పూ రంగూ గీకించాను, ఆ పొర నలిగినా బిగువు తగ్గిపోతుంది. నట్లను ఎదురెదురు వరసలో బిగించి, గంటసేపు నడిపాక మళ్ళీ బిగించాం.

పాత ట్రాక్టర్ ఉన్న రైతులకు నా మాట ఒక్కటే. మీ బండికి సరిపోయే స్టడ్లు, నట్లు అరడజను ముందే కొని ఇంట్లో పెట్టుకోండి. ఉదయం బండి తీసే ముందు నట్ల చుట్టూ ఒకసారి చూడండి. ఎర్రపొడి కనిపిస్తే ఆ రోజు బండి తీయకండి. ఒక పూట దమ్ము ఆగితే మర్నాడు చేసుకోవచ్చు. స్టీరింగు మీద ఉన్న పిల్లాడికి ఏమైనా అయితే మనం చేయగలిగింది ఏమీ ఉండదు.