ఖరీదైన వంటింటి యంత్రాలు: ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ ఆగాలి



పోయిన వారం మన సంఘం గ్రూపులో ఒక సభ్యులు ఒక మాట అడిగారు. ఆయన ఈ ఏడాది విద్యుత్ కేంద్రం నుంచి రిటైర్ అవుతున్నారు. ఊర్జానగర్ క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి వెళ్తున్నారు. మిక్సీ, గ్రైండర్, ఫ్రిజ్, చిమ్నీ అన్నీ కొత్తగా కొనాలి. రెండింతలు, మూడింతలు పెట్టి మేలురకం కొంటే నిజంగా లాభమా, లేక పేరుకే డబ్బు పోస్తున్నామా అన్నది ప్రశ్న. జవాబుగా పదిమంది పది కంపెనీల పేర్లు రాశారు. ఏ కంపెనీ అని ఆయన అడగనే లేదు. అందుకే ఈ పొడుగు రాత. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మేము అంటే ఇద్దరం, మొగుడూ పెళ్ళాం. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తా పని చేసి రిటైరయ్యాక అమ్మాయి క్వార్టర్‌లో ఉంటున్నాం. అమ్మాయి, అల్లుడు ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలు. వంటిల్లు మా ఇద్దరిదీ. మా బడి చదువు కోయంబత్తూరు పక్క పల్లెలో, తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం. తెలుగు అక్షరాలు బల్లార్షా వచ్చాక కూడబలుక్కుని నేర్చుకున్నవే. వాక్యంలో ఎక్కడైనా అరవ వాసన వస్తే సర్దుకోండి.

మా చిన్నప్పటి ఇంట్లో రెండు రాళ్ళు ఉండేవి. ఇంట్లో రుబ్బురోలు అంటే వీధిలో ఆట్టుక్కల్ అనేవారు. మన సన్నికల్లు వాళ్ళకు అమ్మి. ఇక్కడ మరాఠీ ఇళ్ళల్లో దాన్నే పాటా వరవంటా అంటారు. పేర్లు మూడు, పని ఒక్కటే, నొప్పి పుట్టే భుజం కూడా ఒక్కటే. కోయంబత్తూరులో 1955లో పి. సభాపతి గారు ఆ రోలుకు మోటారు తగిలించారు. వెట్ గ్రైండర్ పుట్టింది అలాగే. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు ఈరోజు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మిక్సీ కథ వేరు. 1960ల మొదట్లో బొంబాయిలో సీమెన్స్‌లో ఇంజనీరుగా ఉన్న సత్యప్రకాశ్ మాథుర్ గారి ఇంట్లో జర్మనీ నుంచి వచ్చిన బ్రాన్ మిక్సర్ ఉండేది. మన రుబ్బుళ్ళకు దాని మోటారు ఆగలేదు, బాగుచేసే చోటూ దొరకలేదు. భార్య మాధురి గారి పోరు మీద ఆయనే మన వంటకు తగ్గ యంత్రం తయారుచేశారు. అదే సుమీత్. ఆ జర్మన్ మిక్సర్ నాసిరకం కాదు. అది వాళ్ళ వంటకు, అంటే మెత్తని పండ్లూ కేకు పిండీ కలపడానికి, చేసినది. నానబెట్టిన మినప్పప్పు, ఎండుకొబ్బరి, పసుపు కొమ్ము దాని లెక్కలో లేవు. ఖరీదు ఒకటి, మన పనికి సరిపోవడం ఒకటి. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే డబ్బు పోతుంది.

పార్సిల్ ఆఫీసులో మాకు పట్టుబడిన అలవాటు ఒకటుంది. జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో దక్షిణం నుంచి గ్రైండర్లు దిగేవి. అట్టపెట్టె మీద ఏమి అచ్చువేసినా, కాటా చూపిన బరువుకే రసీదు రాసేవాళ్ళం. వంటింటి యంత్రాన్నీ అలాగే చూద్దాం.

ముందు మిక్సీ. ఇందులో ఉండేది కార్బన్ బ్రష్‌లున్న మోటారు. ఒట్టిగా తిరిగేటప్పుడు నిమిషానికి 18,000, 20,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి పప్పు వేడెక్కుతుంది. పచ్చడికి, పొడికి అది చాలు. మినప్పిండికి కాదు. గ్రైండర్‌లో రాయి నెమ్మదిగా తిరుగుతుంది, పిండి చల్లగా ఉండి పొంగుతుంది. అంటే ఎంత డబ్బు పోసినా మిక్సీ గ్రైండర్ కాదు, గ్రైండర్ మిక్సీ కాదు. గారెలూ ఇడ్లీలూ వారానికి రెండుసార్లు చేసుకునే ఇంటికి నడిమిరకం మిక్సీ, మంచి గ్రైండర్ కలిపి కొనడమే మేలు.

మిక్సీలో ఎక్కువ డబ్బు దేనికి పెట్టవచ్చు? రాగి తీగ చుట్టిన మోటారుకు, మందమైన స్టీలు జారుకు, ఊరిలో దొరికే విడిభాగాలకు. అడుగున ఎర్ర బొత్తాం ఉంటుంది చూడండి. బరువు ఎక్కువైనప్పుడు మోటారు కాలిపోకుండా కరెంటు ఆపేది అదే. అది లేనిది చవకగా వచ్చినా వద్దు. ముగ్గురు నలుగురి ఇంటికి 750 వాట్లు చాలు. పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి ఇంట్లోనే పట్టుకునేవాళ్ళు 1000 వాట్ల వైపు చూడవచ్చు.

ఇప్పుడు గుమస్తా లెక్క. యంత్రం 8 ఏళ్ళు నడిచిందనుకుందాం. 8 ఏళ్ళంటే 2920 రోజులు. మన విద్యుత్ కేంద్రం సామర్థ్యం కూడా 2920 మెగావాట్లే కాబట్టి ఈ అంకె ఊర్జానగర్ వాళ్ళు మరిచిపోరు. 4,000 రూపాయల మిక్సీకి రోజుకు 1 రూపాయి 37 పైసలు పడుతుంది. 9,000 దానికి 3 రూపాయల 8 పైసలు. 40,000 పెట్టే విదేశీ బ్లెండర్‌కు 13 రూపాయల 70 పైసలు. లక్షన్నర యంత్రానికి 51 రూపాయల పైన. మొదటి రెండింటి మధ్య తేడా టీ ఖర్చు కూడా కాదు, మోటారు బాగుంటే పెట్టండి. మూడోది, నాలుగోది రోజూ వాడితేనే ఈ లెక్క. నెలకు రెండుసార్లు వాడే యంత్రమైతే లెక్క పదిహేనింతలు పెరుగుతుంది.

కరెంటు మిగులుతుందని మిక్సీకి ఎక్కువ పెట్టవద్దు. 750 వాట్ల మిక్సీ రోజుకు పావుగంట తిరిగితే నెలకు 6 యూనిట్లు కూడా కావు. కరెంటు లెక్క చూడవలసింది 24 గంటలూ నడిచే ఫ్రిజ్‌లో. స్టార్ లేబుల్ మీద సంవత్సరానికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఒకే సైజు ఫ్రిజ్‌లు రెండు పక్కన పెట్టి ఆ అంకెలు తీసివేయండి. తేడా 80 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 640, పదేళ్ళకు 6,400. ధరలో తేడా అంతకంటే తక్కువైతే ఖరీదైనదే చవక.

ఫ్రిజ్ విషయంలో చంద్రపూర్ వాళ్ళకు ఇంకో మాట. లోపల అంటించిన కాగితం మీద చిన్న అక్షరాల్లో క్లైమేట్ క్లాస్ ఉంటుంది. ఎన్ అంటే బయట 32 డిగ్రీల వరకు, ఎస్.టి. అంటే 38 వరకు, టి అంటే 43 వరకు సరిగ్గా పనిచేసేలా చేశారని అర్థం. మన మే నెల మీకు తెలియనిది కాదు, 43 అంటే ఇక్కడ చల్లబడ్డట్టు. కాబట్టి టి లేనిది కొనవద్దు. టి ఉన్నా పొయ్యి పక్కన, పడమటి గోడకు ఆనించి పెట్టవద్దు. వెనక జానెడు ఖాళీ వదలండి. బొగ్గు దుమ్ము, బూడిద వెనక చేరితే అయిదు నక్షత్రాల ఫ్రిజ్ కూడా రొప్పుతూనే ఉంటుంది. నెలకోసారి కరెంటు తీసి మెత్తని బ్రష్‌తో దులపండి. ఇది ఉచితం.

కరెంటు మన గోడ పక్కనే పుడుతుంది కదా, స్టెబిలైజర్ ఎందుకు అనేవాళ్ళున్నారు. దీపం కింద చీకటి అన్న సామెత మనకు పెట్టిందే. వేసవి గాలివానకు కరెంటు పోయి వచ్చేటప్పుడు దెబ్బ తగిలేది ఎలక్ట్రానిక్ బోర్డున్న యంత్రాలకే. తిప్పే మీట ఉన్న మిక్సీకి ఆ బోర్డే ఉండదు.

గ్యాసు పొయ్యి మీద గాజు పలక అందానికే. ఐ.ఎస్.ఐ. ప్రకారం కనీసం 68 శాతం ఉష్ణ సామర్థ్యం ఉండాలి. గాజు పెట్టినందుకు అన్నం తొందరగా ఉడకదు. ఇత్తడి బర్నర్లకు, గట్టి స్టాండుకు డబ్బు పెట్టండి. చిమ్నీకి లాగే శక్తి ఎంత కొన్నా, గొట్టాన్ని మూడు మలుపులు తిప్పి బయటికి తీస్తే తాలింపు పొగ ఇంట్లోనే ఉంటుంది. పొట్టి గొట్టం, ఒక్క మలుపు. ముందు ఆ చోటు చూసుకుని తరువాత దుకాణానికి వెళ్ళండి.

విడిభాగాల సంగతి. అల్లుడి స్నేహితులు పేరున్న విదేశీ బ్లెండర్ ఒకటి బహుమతిగా ఇచ్చారు. పేరు రాయం. రెండేళ్ళు బంగారంలా పనిచేసింది. తరువాత జారు అడుగున రబ్బరు వాచరు పోయింది. సర్వీసు సెంటర్ నాగపూర్‌లో, అంటే 150 కిలోమీటర్లు. వాచరు రావడానికి ఏడు వారాలు పట్టింది. మా పాత మిక్సీ వాచరు సైకిల్ మీద వెళ్ళి పావుగంటలో తెచ్చుకుంటాం. కొనే ముందు దుకాణంలో అడగవలసినది వారంటీ ఎన్నేళ్ళని కాదు. వాచరు, కప్లర్, బెల్టు ఈ ఊళ్ళో ఎవరి దగ్గర ఉంటాయి, వాటి ధర ఎంత అని అడగండి. జవాబు తడబడితే బయటికి వచ్చేయండి.

ఇంక అసలు సంగతి. రెండేళ్ళ కిందట మా ఇంటావిడ కుడి భుజం పట్టేసింది. బరువులు ఎత్తవద్దన్నారు డాక్టర్ గారు. అమ్మాయి బెంగపడి లక్ష దాటిన వంట యంత్రం ఒకటి కొంటానంది. తరుగుతుంది, తూస్తుంది, కలుపుతుంది, ఉడికిస్తుంది, తెర మీద ఏం చేయాలో చెబుతుంది. "డబ్బుంది కదా నాన్నా, అమ్మ కోసం ఖర్చు పెట్టనివ్వండి" అంది. కాదనడం కష్టమే.

మా ఇంటావిడ ఒక్క మాట అంది. "అది మంచిదేనమ్మా. కానీ నా నొప్పి కలపడంలో లేదు, ఎత్తడంలో ఉంది."

సరేనని వారం రోజులు నోటు పుస్తకంలో రాశాం. ఏ పనికి భుజం నొచ్చింది, ఎన్నిసార్లు. గ్రైండర్ రాయి తీయడం, పిండితో ఉన్న గిన్నె ఎత్తి వంచడం, అయిదు లీటర్ల కుక్కర్ దింపడం, పై అరలో పప్పు డబ్బా అందుకోవడం. నాలుగే పనులు. లక్ష రూపాయల యంత్రం ఈ నాలుగింటిలో ఒక్కటీ తీర్చదు. వంచే గ్రైండర్, అంటే మీట నొక్కితే గిన్నె దానంతటదే ముందుకు ఒరిగేది, మామూలు దానికి రెండింతల ధర పెట్టి తెచ్చాం. అది మొదటి రెండూ తీర్చింది. మూడు లీటర్ల కుక్కర్ ఇంకొకటి కొన్నాం. వడ్రంగిని పిలిచి అర కిందికి దించాం. రాయి కడిగి ఆరబెట్టడం మగవాడి వంతు అయింది. మొత్తం ఖర్చు ఆ యంత్రంలో అయిదో వంతు కూడా కాలేదు.

అమ్మాయి రెండు రోజులు ముభావంగా ఉంది. పూర్తిగా ఒప్పుకుందని ఇప్పటికీ చెప్పలేం. పిల్లలకు మన మీద ప్రేమ చూపడానికి తీరిక లేనప్పుడు డబ్బు ఒక్కటే చేతిలో ఉంటుంది, దాన్ని వద్దంటే వాళ్ళకు చివుక్కుమంటుంది. అయితే ఇప్పుడు వీక్లీ ఆఫ్ రోజున పిండి రుబ్బేది తనే.

ఆ యంత్రం ఎవరికీ పనికిరాదని మా మాట కాదు. ఒంటరిగా ఉండి, పొయ్యి దగ్గర నిలబడలేక, రోజూ వాడుకునేవాళ్ళకు రోజుకు 51 రూపాయలు వంటమనిషి జీతం కంటే తక్కువే. చూడవలసింది ధరను కాదు, అది ఎవరి ఒంట్లో ఏ నొప్పిని తీస్తుందన్నది. యంత్రం వాడేవాళ్ళను అడగకుండా కొన్నది, ఎంత మేలురకమైనా అటకెక్కుతుంది. మన ఇళ్ళల్లో గ్రైండర్ కొనేది మగవాళ్ళు, తిప్పేది ఆడవాళ్ళు. దుకాణానికి ఇద్దరూ వెళ్ళండి. రాయి ఎత్తి చూడమని ఆవిడకే ఇవ్వండి.

చివరగా సంఘానికి ఒక సూచన. ఉగాదికి, వనభోజనాలకు మన ఆడవాళ్ళు ముందురోజు రాత్రి ఒక్కొక్క ఇంట్లో చిన్న గ్రైండర్లు మూడు నాలుగు వాయిలు తిప్పి పిండి తెస్తున్నారు. సంఘం తరఫున 10 లీటర్ల వంచే గ్రైండర్ ఒకటి కొందాం. ఒక ఇంటికి అది దండగ, అందరికీ కలిపి అతి చవక. పెళ్ళిళ్ళకు, పుణ్యకార్యాలకు సభ్యులు తీసుకెళ్ళవచ్చు. కొంచెం డిపాజిట్, తీసుకెళ్ళిన తేదీ రాయడానికి ఒక రిజిస్టరు, రాయి కడిగి ఆరబెట్టి తిరిగి ఇవ్వాలన్న నియమం ఉంటే చాలు. రిజిస్టరు మేము చూసుకుంటాం, ఆ పని మాకు అలవాటే. వచ్చే మీటింగులో ఈ విషయం చర్చకు పెట్టమని కార్యదర్శి గారికి మనవి.

మీరు వాడుతున్న యంత్రాల గురించి కింద రాయండి. కంపెనీ పేరు కంటే ముందు మూడు సంగతులు రాయండి: ఎన్నేళ్ళుగా నడుస్తోంది, ఎన్నిసార్లు చెడింది, విడిభాగం ఎక్కడ దొరికింది.