కొండవాలు మీద రంగుల ఇళ్లు

భీమునిపట్నం, బొబ్బిలి సంఘాల పెద్దలకు నోవా స్కోషియా అనే పేరు కొత్త కాదు. 1875లో మన తీరానికి వచ్చిన బాప్తిస్టు మిషనరీలలో కొందరిని పంపినది కెనడా తూర్పు అంచునున్న ఆ ప్రాంతమే. ప్రభువు కృపను బట్టి మేము దంపతులం అక్కడికి వెళ్లినప్పుడు లూనెన్‌బర్గ్ అనే చిన్న రేవు పట్నంలో రెండు రోజులు ఉన్నాము.

ఆ నేల మిక్మాక్ ప్రజలది. 1753లో ఇంగ్లీషు ప్రభుత్వం జర్మనీ, స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దుల నుండి వచ్చిన సుమారు 1,450 మంది ప్రొటెస్టంటులను అక్కడ దింపింది. నిటారైన కొండవాలు అని చూడకుండా చదరంగపు బల్లలాగా వీధులు గీశారు. కొండ ఎక్కే వీధుల వెడల్పు 48 అడుగులు. కింగ్ వీధికి మాత్రం 80. ఇంటి స్థలం 40 అడుగులకు 60. ఆ గీతలు గీసిన దొర ఒక్కసారి నీళ్లకడవతో ఆ వీధి ఎక్కి ఉంటే ఎక్కడో ఒక వంపు పెట్టేవాడు!

ఎరుపు, పసుపు, నీలం రంగుల కొయ్య ఇళ్లు. గుమ్మం మీదుగా ముందుకు పొడుచుకు వచ్చిన కిటికీ అక్కడి ప్రత్యేకత. 1995లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2001 అక్టోబరు 31 రాత్రి రేగిన మంటలకు సెయింట్ జాన్స్ ఆలయం చాలావరకు కాలిపోయింది. విశ్వాసులు పాత రూపంలోనే తిరిగి కట్టుకొని 2005లో తలుపులు తెరిచారు.

గోడలు అలా నిలిచాయి. మరి మనుషులు? 1990ల నాటికి సముద్రంలో కాడ్ చేప కరువై ఊరి జీవనాధారం సన్నగిల్లింది. ఒకనాడు చేపలు శుద్ధి చేసిన రేవు కట్టడాలలో ఇప్పుడు మత్స్య పరిశ్రమ మ్యూజియం ఉంది. 1895లో కొండమీద కట్టిన బడికి 2012 నుండి పిల్లలు రావడం లేదు. అందులో గ్రంథాలయం, సంగీత శిక్షణ నడుస్తున్నాయి.

మాకు ఆతిథ్యమిచ్చిన వృద్ధ సహోదరి, "వేసవిలో చూసి మోసపోకండి పాస్టరుగారూ! చలికాలంలో వచ్చి, ఎన్ని కిటికీలలో దీపం ఉందో లెక్కపెట్టండి" అన్నది. చాలా ఇళ్లు దూరప్రాంతాల వారి విడిదులట. కొన్ని యాత్రికులకు రోజువారీ అద్దెకట. ఆమె కుమారుడు పనిచేసేది ఈ ఊరిలోనే. ఇల్లు కొనే శక్తి లేక పొరుగూరిలో కాపురముంటున్నాడు.

ఆ సాయంత్రం మేము ఆ వీధులన్నీ నడిచాము. ఒక్క గుమ్మం ముందు చిన్నపిల్లల సైకిలు ఆనించి ఉంది. ఇద్దరమూ అక్కడ కాసేపు నిలబడిపోయాము.