మా వంతు

కాలువ కట్టేసిన రోజున మా క్యాంపులో అందరికీ ఒకటే పని. గట్టు మీదికి పోయి, అడుగున మిగిలిన నీటిని చూసి రావటం. చూసినంత మాత్రాన నీరు పెరగదని తెలుసు. అయినా పోతాము. తుర్విహాళ చుట్టుపట్ల రెండు మూడు తరాలుగా కాపురమున్న తెలుగు కుటుంబాలలో ఈ అలవాటు లేని ఇల్లు వుండదనుకుంటాము.

ఈ పత్రిక చదివే పెద్దలలో చాలామందికి మా కథ తెలిసినదే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఎడమ కాలువ గంగావతి, కారటగి, సింధనూరు మీదుగా రాయచూరు వైపు సాగిన తరువాత, కోస్తా జిల్లాల నుంచి మన రైతులు వచ్చి, రేగడి నేలలు కొని, గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల గుంపుకే క్యాంపు అని పేరు. గుడిసెలు పోయి డాబాలు వచ్చినా పేరు మాత్రం క్యాంపే. మా తాతగారు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నవి రెండు ఎడ్లు, ఒక ఇత్తడి బిందె, వరి తప్ప మరొక పంట ఎరుగని బుర్ర. (ఈ మాట మా నాయనమ్మది సుమండీ, మాది కాదు.)

ఆ బుర్రవల్లనే మేము బాగుపడ్డాము. ఇప్పుడు వచ్చిన చిక్కూ దానివల్లనే. ఎడమ కాలువ తవ్వించినవారు వరి కోసమని తవ్వించలేదు. కొద్ది నీటిని ఎక్కువ నేలకు పంచి, జొన్న, పత్తి వంటి ఆరుతడి పంటలను కరువునుంచి కాపాడాలని వారి లెక్క. ఏ నేలకు ఏ పంటో కాగితం మీద రాసే వుంచారు. ఆ కాగితాన్ని మేమూ చూడలేదు, మమ్మల్ని చూసి ఇక్కడి రైతులూ చూడటం మానేశారు. కళ్ళెదుట నీరు పారుతూంటే కోస్తా రైతు జొన్న వేస్తాడా? పైవారు మడులు నింపుకున్నారు. మాన్వి, రాయచూరు తాలూకాల చివరి పొలాలు కాలువ వుండీ మెట్టగానే మిగిలాయి. నీరు నిలిచి నిలిచి, మా పల్లపు చేలలోనే కొన్ని చౌడుబారాయి. అంటే అటు వారికీ లేకపోయింది, ఇటు మాకూ పూర్తిగా దక్కలేదు.

ఇన్నాళ్ళూ ఇది పైవాడికీ కిందివాడికీ మధ్య తగవు. ఇప్పుడు ఆకాశం కూడా ఇందులోకి దిగింది. భూమి వేడెక్కినకొద్దీ గాలి ఎక్కువ తేమను పట్టి వుంచుతుంది. ఒక డిగ్రీ పెరిగితే తేమ సుమారు నూటికి 7 వంతులు ఎక్కువవుతుందట. అందువల్ల వానలు నాలుగు నెలలు సర్దుకుని కురవక, ఒకప్పుడు మొహం చాటేసి, ఒకప్పుడు కుండపోతగా పడుతున్నాయి. కుండపోతగా పడ్డ వాన పొలాల మట్టిని కోసుకుపోయి జలాశయంలో పోస్తుంది. మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన తుంగభద్ర జలాశయం పూడిక వల్ల ఇప్పుడు 106 టి.ఎం.సి.ల లోపే పడుతుంది. వాన మీద నమ్మకం తగ్గిన కాలంలోనే దాచుకునే పాత్ర కూడా చిన్నదయింది.

2023లో వానలు ముఖం చాటేశాయి. కర్ణాటకలో 200కు పైగా తాలూకాలను కరువు తాలూకాలని ప్రకటించారు. ఆ కార్తికమాసంలో జరిగిన సంగతి ఒకటి రాయక తప్పదు.

వరి పొట్టమీద వుంది. కాలువ కట్టేసే రోజు దగ్గరపడుతున్నది. ఇటువంటి రోజుల్లో కాలువ గట్టున రాత్రిళ్ళు ఇంజన్లు ఎలా ఆడతాయో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. గట్ల పొడుగునా 144వ సెక్షను పెట్టటమూ మేము చూశాము. ఒక సాయంత్రం వూళ్ళో నలుగురూ కూచున్నారు. కింది వూళ్ళనుంచి ఒక ట్రాక్టరు నిండా రైతులు వచ్చారు. కాలువ కట్టేసేలోగా తాగునీటి చెరువులు నిండాలి గనుక పది రోజులు ఎవరూ ఇంజను వేయవద్దని వారి కోరిక. వారిలో ఒక పెద్దాయన మా బాబాయిగారి వైపు తిరిగి, కోపం లేకుండా, కన్నడంలో ఒకటే మాట అడిగారు.

“అణ్ణా, మీ ఇంజను రాత్రి ఎన్ని గంటలు ఆడుతుంది?”

బాబాయిగారు జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేదు. తొమ్మిది గంటలు.

ఇంటికి వచ్చిన తరువాత బాబాయిగారికి మాట పెగిలింది. “మన వంతు మనకు సరిగా వస్తే మనకీ ఇంజను ఖర్చెందుకురా? పైనున్న గంగావతి వాళ్ళు ఆపమను, మనమూ ఆపుతాం!” అన్నారు. న్యాయమైన మాటలాగే వుంది. ఎడమ కాలువ మీద ప్రతివాడికీ తనకంటె పైన ఒకడు వుంటాడు. వడ్డిస్తున్న అమ్మ మాత్రం, “అబ్బాయీ, మనం తాగే బిందె కూడా ఆ చెరువు నీళ్ళదే కదయ్యా” అన్నది. ఆ రాత్రి ఇంజను పైకి తీసి కొట్టంలో పెట్టాము. ఆ ఏడు గింజ కొంత తాలు పోయిందన్న మాట నిజం. చెరువు నిండిందన్న మాటా నిజమే. రెండో పంటకు ఎవరికీ నీరు రాలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో ఈ చర్చ ఆగలేదు. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివే మా మేనల్లుడు వచ్చి మరొక బాంబు పేల్చాడు. వాన చెడిపోవటంలో మన వరిమడికీ భాగం వుందన్నాడు. నీరు నిలిచిన మడిలోకి గాలి చొరదు. ఆ బురదలో కుళ్ళే ఆకునూ మొదళ్ళనూ తిని బతికే సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువును వదులుతాయి. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువుకంటె 80 రెట్లు వేడిని పట్టి వుంచుతుంది. “శక్తినగర్ గొట్టాల పొగ కనపడదు గానీ నా మడి కనపడిందిట్రా నీకు?” అని బాబాయిగారు కసిరారు. అదీ నిజమే. అక్కడ 1985నుంచి బొగ్గు కాలుతూనే వున్నది. కాని ఆ గొట్టం మూత మా చేతిలో లేదు. మడి తూము మా చేతిలో వుంది.

2024 తొలకరిలో ఒక ఎకరం నారు పోయకుండా, దమ్ము చేయకుండా, విత్తనం గొర్రుతో నేరుగా వేశాము. సింధనూరు ప్రాంతంలో ఇది కొత్త కాదు. మా ఇంటికే కొత్త. కలుపు విరగబడి వచ్చింది. దారినపోయేవారు ఆగి, “ఇది వరా, గడ్డా?” అని అడిగి పోయేవారు. అంతలో ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. (ఇది వానల తప్పు కాదు, ముసలి గొలుసు తప్పు.) క్యాంపులో ఆ వారం ఎవరికీ అన్నం సయించలేదు. మన తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడుగారు వచ్చి, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ దిమ్మెలు దింపించారు. తరువాత మంచి వానలు పడి జలాశయం మళ్ళీ నిండింది. మా ఎకరం పక్కచేనుకంటె రెండు బస్తాలు తక్కువ పండింది. ఊడ్పుకూలి లేదు గనుక డబ్బు లెక్కలో సరిపోయింది.

వూరి పాలకులు ఏమి చేయగలరని కొందరు అడుగుతారు. ఇదివరకు గ్రామ పంచాయతి అయిన తుర్విహాళ ఇప్పుడు పట్టణ పంచాయతి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో నీటి సరఫరాతోపాటు చెట్ల పెంపకం, పరిసరాల రక్షణ కూడా చేర్చింది. కేరళలో మీనంగాడి పంచాయతి 2016లో, వూరు వదిలే కర్బనాన్ని చెట్లతో సరిపెట్టాలని పూనుకున్నది. చెట్టును కొట్టకుండా వుంచుకున్న రైతుకు ఆ చెట్టు మీదే వడ్డీలేని అప్పు ఇప్పించింది. అంత దూరం పోనక్కరలేదు. మన పక్కనున్న కొప్పళ జిల్లాలో హిరేహళ్ళమనే వాగు ముళ్ళకంపతో, పూడికతో చచ్చిపడి వుంటే, 2019లో గవిమఠం స్వామివారు ముందు నడవగా జనం పాతిక కిలోమీటర్లకు పైగా బాగుచేశారు. అంతకు రెండేళ్ళ ముందు, 2017 వేసవిలో, తుంగభద్ర రైతులు జలాశయంలోకే ట్రాక్టర్లు దింపి మట్టి ఎత్తారు. దానికి హూళిన జాత్రె అని పేరు పెట్టుకున్నారు. వారి హూళు, మన పూడు ఒక తల్లి బిడ్డలే. ఎత్తిన మట్టి జలాశయం లెక్కలో చిటికెడు. అయినా ఆ జాత్రకు పోయివచ్చిన మా బావగారు తరువాత తన పొలం గట్లు పొడుగునా చెట్లు నాటారు. పోకముందు మేము ఎంత చెప్పినా నాటలేదు.

2025లో గేట్లు మార్చవలసి వచ్చి జలాశయంలో 80 టి.ఎం.సి.ల వరకే నిలిపారు. తొలిపంటకు మేము మిగిలిన మడులలో చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టాలు పాతాము. జానెడున్నర పొడుగు. గొట్టంలో నీరు నేలమట్టానికి పదిహేను సెంటీమీటర్లు కిందికి దిగేదాకా తూము తీయకూడదు. మడి ఆరి తడిసి, ఆరి తడిసి పండుతుంది. నీరు మిగులుతుంది, మీథేనూ సగానికి సగం తగ్గవచ్చునంటారు. బాబాయిగారు ఆ గొట్టాలను “మీ అల్లుడి థర్మామీటర్లు” అన్నారు. తెల్లవారుజామున పుల్ల పట్టుకుని గట్టు మీద వంగి ఎవరో కొలుస్తున్నారని ఒకరోజు నీరుగంటి వచ్చి చెప్పాడు. పోయి చూస్తే ఆయనే. “పీత దూరిందేమోనని చూస్తున్నాను” అన్నారు.

రెండో పంటకు నీరు లేదన్నారు గనుక, మా తాతగారు వేయని జొన్న మేము వేశాము. రొట్టె తట్టటం మా ఆడవారికి ఇంకా చేతకావటం లేదు. అంచులు పగులుతున్నాయి. పక్కింటి గౌడతిగారు సాయంత్రాలు వచ్చి, అమ్మ చేతిమీద తన చేయి వేసి నేర్పుతున్నారు.