కండెలు చుట్టు వేళ పుస్తకము

"చదువవలెనని మనసున్నది గాని తీరిక యేదీ?" యను మాట మన యిండ్లలో ప్రతిదినమును వినబడుచుండును. తెల్లవాఱి లేచినది మొదలు రాత్రి తలుపు గడియ వేయువఱకు ఆసులో కండెవలె తిరుగు గృహిణికి, పుస్తకము ముందర బెట్టుకొని కూర్చుండు ఘడియ దొరకుట కష్టమే. ఈ తీరిక యను దానిని గూర్చి నా మనసున చాలకాలముగా మెదలుచున్న యాలోచన యొకటి గత మాసమున వేటపాలెము ప్రయాణములో స్పష్టపడినది. ఆ వృత్తాంతమునే యీ నెల మీకు నివేదించుచున్నాను.

పాఠశాలకు నాలుగు దినములు సెలవు వచ్చినది. సారస్వతనికేతనమున కొన్ని పాత గ్రంథములు చూడవలెనని మావారు బయలుదేరిరి. మా పినతల్లిగారిల్లు వేటపాలెముననే యుండుటచే నేనును వెంట బోతిని. బాపట్లలో పాసింజరు బండి యెక్కితిమి. మాసపత్రికలు చదువు స్త్రీలకు బాపట్ల స్మరింపదగిన యూరు. కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1931లో స్త్రీహితైషిణీ మండలిని స్థాపించిన దిచ్చటనే. "గృహలక్ష్మి" పత్రికలో శారదలేఖలను పేర నింటి సంగతియు లోకపు సంగతియు నొక్కచోట ముచ్చటించి, ఉత్తరము వ్రాయుట తెలిసిన ప్రతి యిల్లాలును రచయిత్రి కావచ్చునని వారు చూపిరి.

బండి స్టువర్టుపురము దాటి చీరాల చేరినది. దారి పొడవునను ఇసుకనేలలు, తాడిచెట్లు. సముద్రము కంటికి గానరాకున్నను గాలిలో దాని తడి తెలియుచునే యుండెను. చీరాల యనగానే 1921వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. పురపాలక సంఘపు పన్నులను నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు ఇల్లువాకిళ్ళు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పాకలలో దాదాపు పదునొకండు మాసములు నివసించిరి. నాయకుల పేర్లు మన మెఱుగుదుము. ఎండకు వానకు నా పాకలలో పొయ్యి రాజేసి, పిల్లలను సాకి, ఆ పట్టుదలను నిలిపిన యిల్లాండ్ర పేర్లు మాత్రము వెదకినను చాలవఱకు దొరకవు.

వేటపాలెము పెద్ద పట్టణము కాదు. 2022లో నేర్పడిన బాపట్ల జిల్లాలో నిది యొక మండల కేంద్రము. ఇట్టి యూరికి నూఱేండ్లు దాటిన సరస్వతీ మందిర మొకటి కలుగుట యాశ్చర్యము. ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు 1918లో దీనిని స్థాపించిరి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినప్పటినుండి, గ్రామమున కొక గ్రంథాలయ ముండవలెనను సంకల్పము మన దేశమున ప్రబలినది. ఆ సంకల్పమునకు ఫలమైన వానిలో నిది యొకటి. గాంధీమహాత్ముడు 1929లో నిచ్చటికి విచ్చేసిరి. వారి చేతికఱ్ఱ నేటికిని భద్రముగా నున్నది. పాత పత్రికల కొఱకు పరిశోధకులు దూరదేశములనుండియు నిచ్చటికి వత్తురు.

మావారు తమ గ్రంథములలో మునిగియుండగా నేను పాత స్త్రీల మాసపత్రికల సంపుట మొకటి తెప్పించుకొని చూచితిని. పుటలు వేగిన అప్పడములవలె పెళుసెక్కియుండుటచే వ్రేలికొనతో మెల్లగా ద్రిప్పవలసి వచ్చెను. 1902లో "హిందూ సుందరి" వెలువడిన నాటినుండి స్త్రీలు స్త్రీల కొఱకు వ్రాసిన వ్రాత లెన్ని! వంటలు, వ్రతములు, శిశుపోషణము, కుట్టుపని, బాల్యవివాహ ఖండనము, చదువుకొమ్మని ప్రబోధము. మధ్యాహ్న మంతయు చదివితిని. చదువరుల గదిలో నా వంటి స్త్రీ మఱియొకతె కనబడలేదు.

కారణము మా పినతల్లిగారి ప్రక్కయింట దొరకినది. అది నేతవారి యిల్లు. వేటపాలెము, చీరాల ప్రాంతములు నేతకు ప్రసిద్ధికెక్కినవి గదా. ఇచ్చటి తేలియా రుమాళ్ళు ఒకప్పుడు సముద్రము దాటి అరబ్బు దేశములకు బోయినవి. ఆ యింటి యజమాని గుంటమగ్గముమీద కూర్చుండి నేయుచుండగా, నలువది యైదేండ్ల యాయన భార్య వసారాలో రాట్నము ముందు గూర్చుండి కండెలు చుట్టుచుండెను. నూలు షావుకా రిచ్చును. చీర పూర్తియైన పిమ్మట కూలి మగ్గము మీది చేతికి వచ్చును. రాట్నము మీది చేతికి వేఱుగా కూలి లేదు. కండె లేనిదే నాడె నడువదు, నాడె నడువనిదే చీర లేదు. అయినను ఆమె పనికి లెక్కల పుస్తకమున వరుస లేదు. అరమైలు దూరమున నున్న గ్రంథాలయమున కెప్పుడైన బోతివా యని నే నడుగగా ఆమె నవ్వినది.

"నేను లేస్తే మగ్గం ఆగిపోతుందమ్మా. అయిదో తరగతి దాకా చదివాను. ఇప్పుడు అక్షరాలు కళ్ళకు ఆనవు" అని చెప్పి, నా చేతిలోని పుస్తకమువంక జూచి, "నువ్వు చదవరాదూ? చేతులకే గదా పని, చెవులు ఖాళీయే" అనెను.

ఆ మాట నాకు మిక్కిలి సమంజసముగా దోచినది. మా తండ్రిగారు నాకు భారతము చెప్పునపుడు, జనమేజయుడు సర్పయాగము నడుమ, కర్మకును కర్మకును గల విరామములయందు వైశంపాయనుని వలన నా కథ వినెనని చెప్పిరి. నైమిశారణ్యమున శౌనకాదులు దానిని వినుటయు సత్రయాగ మొనర్చుచునే. అనగా మన మహాగ్రంథము తీరికగా గూర్చున్నవారి కొఱకు బుట్టలేదు. పని నడుమ వినబడినది. పని యంతయు ముగిసిన పిమ్మట చదివెద ననుకొను గృహిణికి ఆ పిమ్మట యెన్నడును రాదు. పనిప్రక్కనే పుస్తకమునకు పీట వేయవలెను.

నాటినుండి మూడు మధ్యాహ్నములు రాట్నము ప్రక్కన గూర్చుండి చదివితిని. నా యొద్ద నున్నది భండారు అచ్చమాంబగారి "అబలాసచ్చరిత్రరత్నమాల". 1874లో జనించి 1905లోనే గతించిన యా విదుషి బడికి బోక యింటనే చదువు నేర్చి, దేశదేశముల స్త్రీల చరిత్రలను గూర్చి 1901లో నా గ్రంథమును వెలువరించెను. రాట్నపు చప్పుడు నా గొంతునకు శ్రుతివలె నుండెను. పోగు తెగినపుడు నేను నాగుదును. ఆమె రెండు కొనలను వ్రేళ్ళ నడుమ నులిమి కలిపి, "ఊఁ, కానీ" యనును. మూడవనాడు ఆమె యడిగిన ప్రశ్న యిది.

"రాణుల కథలు బాగున్నాయమ్మా. మాబోటి పనివాళ్ళ సంగతి రాసినవాళ్ళు లేరా?"

"కుమ్మరి మొల్ల గొప్ప కవయిత్రి గదక్కా" యంటిని.

"ఆవిడ కుండ ఎట్లా చేసేదో రాసుకుందా?"

"లేదు. రామాయణం రాసింది."

"పోనీలే, మంచిపనే. రాముడి సంగతి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. సారె సంగతి ఆవిడే చెప్పాలి" అని ఆమె మరల రాట్నము త్రిప్ప మొదలిడెను.

ఆ రాత్రి నాకు చాలసేపు నిద్ర పట్టలేదు. గ్రంథాలయమున నేను తిరుగవేసిన సంపుటమున నిల్లు దిద్దుకొను విధము చెప్పిన వ్యాసములు కలవు గాని, కండె చుట్టు స్త్రీ తన పనిని గూర్చి చెప్పిన పుట యొక్కటియు నా కంటబడలేదు. ఆమె కుమార్తె చీరాలలో డిగ్రీ చదువుచున్నది. "దానికి రాట్నం నేర్పలేదమ్మా. నా నడుంనొప్పి దానికెందుకు?" అని తల్లి యనుట న్యాయమే. కూలి లేని పనిని బిడ్డకు పెట్టుమని యే తల్లికి చెప్పగలము? కాని ఆ పనిని విడిచినంత మాత్రమున ఆ యెఱుకయు పేరు లేక పోవలసినదేనా?

మఱునాడు పుస్తకమునకు బదులు తెల్లకాగితములు పట్టుకొని పోతిని. "ఇది రాసేంతటి సంగతా?" యని ఆమె మొదట సంకోచించెను. పిమ్మట చెప్పుట కారంభించి, నా కలము వెనుకబడునంతగా చెప్పెను. చిలపను విదిలించి రాట్నమునకు తొడుగుట, పోగు బిగువు వ్రేలికొనకు తెలియుట, కండె నడుమ లావై కొనలకు సన్నగిల్లవలసిన కారణము, ఎండ ముదరక ముందే తెల్లవాఱుజామున వీథిలో పడుగు సాచి గంజి పట్టించుట, ఎండిన నూలు పెళుసెక్కి మగ్గము మీద తెగుట, వానకాలమున నూలు ఆఱక పని నిలిచిపోవుట. ఆఱు పుటలు నిండినవి. సాయంకాలము కుమార్తె కళాశాలనుండి వచ్చినది. తల్లి నన్ను మరల చదువుమనెను. ఆ పిల్ల చేతిఫోను ప్రక్కన బెట్టి విని, "ఇన్ని ఉన్నాయా అమ్మా ఇందులో?" అనెను. తల్లి బదులు చెప్పలేదు గాని రాట్నము నాపి కూర్చుండెను. ఆ నాలుగు దినములలో పోగు తెగకుండ రాట్న మాగుట నేను చూచిన దదియే.

1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో గ్రంథములు నింపి కాలువ వెంట నూరూరికి నడిపించిరి. చదువరి రాలేనిచోటికి పుస్తకమే పోవలెనని వారి తలంపు. మన వీథిలో కాలువ లేకున్నను, నాలుగిండ్లు నడచుటకు మనకు కాళ్ళున్నవి. విస్తళ్ళు కుట్టు చోట, పప్పు బాగుచేయు చోట, చీరకు కుచ్చిళ్ళు కుట్టు చోట అరగంట చదువుడు. చిన్న ప్రకరణము చాలును, గట్టిగా, నిదానముగా చదువవలెను, వ్యాఖ్యానము తగ్గింపవలెను. మా యింట వారమునకు రెండు దినము లిట్లు జరుగుచున్నది. మా యత్తగారు చిక్కుడుకాయలు వలుచుచు విరాటపర్వము వినుచున్నారు.

చదివిన పిమ్మట రెండవ పని కూడ కలదు. వినినవారు చెప్పునది వ్రాసికొనుడు. ఆ యాఱు పుటలకు నకలు వ్రాసి వేటపాలెమునకు బంపితిని. కుమార్తె తల్లికి చదివి వినిపించి, నేను విడిచిన పని మాటలు పదునాలుగు చేర్చి తిరుగ బంపినది. అక్షరములు పొందికగా నున్నవి. ఉత్తరము చివర, వానలు వెలిసిన పిమ్మట తల్లి చెప్పు రంగుల సంగతి తానే వ్రాసి పంపెద నని యున్నది.