లైను విప్పే ముందు

11 ఆగస్టు 2025
ఓ పాత కారు. వెనక సీటు దగ్గర పెట్రోలు వాసన. కింద దూరి చూస్తే క్లిప్పు బిగించిన చోట రబ్బరు పైపు బిరుసెక్కి పగిలింది. ‘ఈ20 వల్లేనా?’ అని ఓనరు. ఈ మధ్య అందరిదీ ఇదే ప్రశ్న. ఇరవై శాతం ఇథనాలు కలిపిన ఆ పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రధాని మొదలుపెట్టింది ఈ బెంగళూరులోనే. పాత బండ్ల రబ్బరు అంత ఇథనాలుకు తయారైంది కాదు, నిజమే. కానీ ఈ పైపు వయసో? తప్పు దేని మీద వేయను? మార్చాలి, అంతే.

14 ఆగస్టు
షెడ్డులో పని నేర్చుకుంటున్న మడకశిర పిల్లాడు... బండి వచ్చి ఆగిందో లేదో, ప్లయర్‌తో నేరుగా లైను కనెక్టరు మీదికే. చెయ్యి పట్టి లాగేశాను. ఇంజను ఆగినా పైపులో మూడు బార్ల ఒత్తిడి అలాగే ఉంటుంది. పక్కనే కాలుతున్న సైలెన్సరు. కళ్లకు అద్దాల్లేవు. ఏమన్నా అయితే వాళ్లమ్మకు ఎవరు ఫోన్ చేసి చెప్పాలి?

16 ఆగస్టు
పొద్దున్నే వాడితోనే చేయించాను. ట్యాంకు మూత తెరువు. పంపు ఫ్యూజు పీకు. స్టార్ట్ చెయ్యి. పైపులో ఉన్నది కాల్చుకుని ఆగిపోతుంది, ఇంకోసారి సెల్ఫ్ కొట్టు. బ్యాటరీ మైనస్ తియ్యి. కనెక్టరు చుట్టూ గుడ్డ. ముందు లోపలికి నెట్టు, లాకు నొక్కు, అప్పుడు లాగు. అయినా నాలుగు చుక్కలు కారతాయి.
‘ఆయ్తణ్ణా, సరే’ అన్నాడు. చెవికెక్కిందా? నేను పక్కకు పోతే చాలనుకున్నాడా?

2 సెప్టెంబరు
డీజిల్ బండి. కామన్ రైలు. పిల్లాణ్ణి దూరంగా నిలబెట్టా. పైపులో ఒత్తిడి 1,600 బార్ల దాకా. కంటికి ఆనని ధార చర్మం చీల్చుకుని మాంసంలోకి దిగుతుంది. పైకి సూది గుచ్చినంతే, లోపల చెయ్యే పోవచ్చు. లీకును చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఇంజను నడుస్తుండగా నట్టు వదులు చెయ్యడం పాత పంపుల నాటి పద్ధతి. దీనికి పనికిరాదు.
విప్పితే కొత్త స్టీలు పైపే వేస్తానన్నాను. ఓనరు బండి తీసుకుపోయాడు. ఎక్కడ చేయిస్తున్నాడో...

1 అక్టోబరు, ఆయుధ పూజ
షెడ్డంతా కడిగాం. గుమ్మడికాయ, నిమ్మకాయలు, చామంతులు. నిన్న లైను విప్పి మూతలు పెట్టిన బండి మూలనే ఉంది. కర్పూరం తీస్తుంటే పిల్లాడు నాకంటే ముందే అన్నాడు: ‘అన్నా, హారతి రోడ్డు మీదే ఇద్దాం. ఆవిరి పిట్టులోకి దిగుంటుంది.’
పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువని వాడికి ఎప్పుడు చెప్పాను?

9 అక్టోబరు
జేసీ రోడ్డులో లైను జాయింట్లకు ఓ-రింగులు తెచ్చాం. చవకవి కూడా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఫ్లోరోకార్బన్‌వే కావాలని వాడే పట్టుబట్టాడు.
సాయంత్రం పైపు కొసకు ఇంజనాయిలు చుక్క రాసి నెట్టాడు. క్లిక్కుమంది. వెనక్కి లాగి చూశాడు. కీ ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్. పంపు గుయ్యిమంది. టార్చి వేసి జాయింటు చూసి, తుడిచి, మళ్లీ చూసి అప్పుడు స్టార్ట్ చేశాడు.
రేపు యెలహంక నుంచి డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బండి వస్తోంది. రైలు వైపు 200 బార్లు. అది ఇంకా వాడి చేతికివ్వను.