లెగ్ హార్మోనియం: రీడ్ల విలువ, వాడుక విలువ

పాత వాయిద్యం కొనడానికి పెట్టిన సొమ్మును ఖర్చు కింద రాసుకోవాలా, ఆస్తి కింద రాసుకోవాలా అన్న ప్రశ్నకు, బంగారం, స్థలం, బ్యాంకు డిపాజిట్ అనే మూడింటి చుట్టూ తిరిగే మధ్యతరగతి లెక్కల్లో సిద్ధమైన సమాధానం దొరకదు. విజయవాడ వన్ టౌన్‌లో నివసించే ఈ వ్యాసకర్త కుటుంబం ఒక పాత లెగ్ హార్మోనియం కొన్నప్పుడు ఈ ప్రశ్నను ఎలా తేల్చుకుందో ఇక్కడ వివరించడమైనది. లెగ్ హార్మోనియం అంటే కాళ్ళతో తొక్కుతూ తిత్తికి గాలి అందిస్తూ, రెండు చేతులతోనూ మెట్లను వాయించడానికి వీలైన నిలువు పెట్టె; కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పద్యనాటకం చూసినవారికి ఇది సుపరిచితమే.

దీని ధరను అర్థం చేసుకోవాలంటే దీని అవసరం ఎక్కడ పుట్టిందో, ఎక్కడ తగ్గిందో తెలియాలి. పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ 1842లో హార్మోనియంకు పేటెంటు పొందగా, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడించే చిన్న పెట్టెగా మార్చారు. మన నాటక రంగం మాత్రం కాళ్ళ పెట్టెనే ఎక్కువగా ఆదరించింది. మైకులు లేని రోజుల్లో పద్యం ఎత్తుకున్న నటుడి కంఠానికి దీటుగా నిలిచి, చివరి వరుస దాకా శ్రుతి వినిపించగల వాయిద్యం అదే గనుక. ఆకాశవాణి 1940లో హార్మోనియంను ప్రసారాల్లో నిషేధించి 1971లో ఆ నిషేధాన్ని సడలించింది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రానికి తొలి రెండు దశాబ్దాలు ఆ నిషేధ కాలంలోనే గడిచాయి కాబట్టి, అన్నాళ్ళూ హార్మోనిస్టుకు నాటకమే ప్రధాన ఆధారం. తర్వాత ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చి ఆ ఆధారాన్నీ పంచుకుంది.

మైకుల వాడుక విస్తరించకముందు అమెరికాలోనూ ఇలాంటి వాయిద్యం ఒకటి పుట్టింది. 1927లో లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ కంపెనీ, జాన్ డోప్యేరా రూపొందించిన లోహపు గిటార్లను తయారుచేయడం మొదలుపెట్టింది. వాటి లోపల పల్చటి అల్యూమినియం శంకువులు కంపించి శబ్దాన్ని పెంచేవి, పైదేహం రాగి, నికెల్, జింకు కలిసిన జర్మన్ సిల్వర్‌తో చేసి నికెల్ పూత పూసినది. ఎలక్ట్రిక్ గిటారు రావడంతో వాటి అవసరం తగ్గినా, సీరియల్ నంబర్ల ఆధారంగా తయారీ కాలాన్ని గుర్తించే వీలుండటం, బ్లూస్ వాయించేవారు వాటిని వదలకపోవడం వల్ల తర్వాతి కాలంలో సేకర్తల సంత ఏర్పడింది. తెలుగు నేలమీది లెగ్ హార్మోనియంకు అలాంటి సంత లేదు. కొన్న ధరకు తిరిగి అమ్ముడుపోతుందన్న భరోసా లేని వస్తువును, ఆ భరోసా లేదన్న లెక్కతోనే కొనాలి.

అందుచేత ఈ కుటుంబం మొదట పరిశీలించినది రీడ్లను. రీడ్ అంటే ఇత్తడి పలకలోని సన్నని సందుపై ఒక చివర బిగించిన ఇత్తడి నాలుక. గాలి తగిలినప్పుడు అది ఆడి స్వరం పలుకుతుంది. పారిస్, జర్మనీల నుంచి వచ్చిన పాత రీడ్లకూ, గుజరాత్‌లోని పాలితానాలో తయారైనవాటికీ సంగీతకారుల్లో ప్రత్యేకమైన పేరుంది. చెక్కను మార్చవచ్చు, తిత్తిని కొత్తగా కట్టించవచ్చు. రీడు అలాంటిది కాదు. నాలుక కొనవద్ద గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలువద్ద గీకితే తగ్గుతుంది. ఎటు గీకినా లోహం తరుగుతుంది, తరిగిన లోహం తిరిగి రాదు. శ్రుతి చేయించిన ప్రతిసారీ అసలులోంచి కొంత తీసి వాడుకున్నట్టే లెక్క. ఈ కారణంగానే, మెరుగు పెట్టించి కొత్తగా శ్రుతి చేయించిన పెట్టెకు ఎక్కువ ధర చెప్పినా దాన్ని వదిలి, పైపూత పోయి రీడ్లపై గీతలు తక్కువగా ఉన్న పెట్టెను, బాగుచేయించే ఖర్చు తగ్గించి బేరమాడి కొనడం జరిగింది.

సొమ్ము సమకూర్చడంలో పాటించిన నియమం కఠినమైనదే. వన్ టౌన్‌లో నగ తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడం అతి సులభం. అయినా వడ్డీ కట్టవలసిన సొమ్ముతో, వడ్డీ తేని వస్తువును కొనకూడదని ముందే నిశ్చయించుకోవడం వల్ల, రికరింగ్ డిపాజిట్, అంటే నెలనెలా సమానంగా కట్టి గడువు తీరాక వడ్డీతో కలిపి తీసుకునే పొదుపు, పూర్తయ్యేవరకు కొనుగోలు ఆగింది. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తాన్ని ఆ డిపాజిట్‌లో కలపలేదు. తిత్తి తోలు మార్చడానికీ, రీడ్లు శుభ్రం చేయించడానికీ కొన్ని వేలు విడిగా ఉంచిన తర్వాతే ధర మాట్లాడారు.

బంగారం లాకర్లో ఎన్నాళ్ళున్నా బరువు తగ్గదు. వాయించని హార్మోనియం మాత్రం కృష్ణా డెల్టా తేమలో త్వరగా పాడవుతుంది: తోలు బిగుసుకుంటుంది, ఇత్తడికి చిలుము పడుతుంది, లోపల దుమ్ము చేరి కొన్ని స్వరాలు మూగబోతాయి, ఎలుకలు, చెద సంగతి చెప్పనక్కరలేదు. తరచుగా వాయించడం, అరుదుగా శ్రుతి చేయించడం, ఈ రెండూ కలిసినప్పుడే దాని విలువ నిలుస్తుంది కాబట్టి, ఈ వాయిద్యం విషయంలో సేకరణను వాదనం నుంచి విడదీయడం ఆర్థికంగా కూడా సరికాదని ఈ వ్యాసకర్త దృఢమైన అభిప్రాయం. డెల్టాలోని ఒక ఊరిలో రెండో పెట్టె చౌకగా దొరికినప్పుడు, ఇంట్లో రెండింటినీ వాయించే చేతులు లేనందున దాన్ని కొనక, ఇప్పటికీ నాటకాలాడుతున్న ఒక బృందానికి ఆ పెట్టె యజమానులను పరిచయం చేశారు.

పన్ను సంగతి కొంత భిన్నమైనది. స్వంత వాడుకలో ఉన్న చరాస్తులను ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తులుగా పరిగణించదు. నగలు, పురావస్తు సేకరణలు, చిత్రాలు, శిల్పాలు, కళాఖండాలు మాత్రం ఈ మినహాయింపులోకి రావు. ఇంట్లో వాయించుకునే హార్మోనియంను లాభానికి అమ్మినా సాధారణంగా మూలధన లాభంపై పన్ను పడదు, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని మరో లాభంలోంచి తగ్గించుకునే వీలూ ఉండదు. కచేరీలకు, నాటకాలకు వాడి దానిపై సంపాదిస్తే లెక్క వేరవుతుంది, అప్పుడది వృత్తి పరికరం. ఈ తేడా దృష్ట్యా కుటుంబ ఆస్తుల పుస్తకంలో దీనిని పెట్టుబడుల పేజీలో గాక గృహోపకరణాల పేజీలో చేర్చి, ఎన్ని వరసల రీడ్లున్నాయి, చివరిసారి శ్రుతి ఎప్పుడు చేయించారు, మరమ్మతు చేసేవారి చిరునామా ఏది అన్న వివరాలను పెట్టె ఫోటోలతో పాటు నమోదు చేశారు. ధర గడిలో కొన్న మొత్తాన్నే రాసి, ఏటా దాన్ని పెంచకుండా వదిలేశారు.